కప్పు లేని గ్యాలరీ

“రాట నడిమధ్యన ఉండాలి హనోకూ! ఎక్కడ కూర్చున్నవాడికైనా ఎదురుగా అదే కనపడాలి. దానికోసమే కదా ఇదంతా!”

సెల్‌ఫోన్లో నూకరాజు గారు అన్నది ఇదేనని హనోకు కుడిచెవి సాక్ష్యం చెప్పింది. ఆ సమయానికి నూకరాజు గారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో లారీకి దిమ్మలెత్తిస్తూ, హమాలీల కేకల మధ్య నుంచి మాట్లాడుతున్నారు. హనోకు మిషన్ స్కూలు మైదానంలో సరుగుడు గుంజలు దింపిస్తూ, తన పనివాళ్ళ కేకల మధ్య నుంచి వింటున్నాడు. అటు గోల, ఇటు గోల. మధ్యలో పాపం ఒకే ఒక్క సిగ్నలు గీత.

“రాట ఎక్కడెయ్యమంటారు బాబూ, ఈశాన్యం మూలకి ఏసీమంటారా?” అని హనోకు అడిగాడు. దానికొచ్చిన జవాబది.

ఫోను జేబులో వేసుకుని పోతన్న వైపు తిరిగాడు. “నడిమద్దెన ఏసీమంటన్నారు బావా.”

“రాటనా? అందరి కళ్ళకీ అడ్డంగానా?” అన్నాడు పోతన్న. మాడుగుల పైన కొండల్లో అతనికి కాస్త పొలం ఉంది. పొలంలో పని లేని రోజుల్లో దిగివచ్చి హనోకు దగ్గర గుంజలు పాతుతాడు. “పెద్దోళ్ళు బావా. ఆళ్ళ రాట, ఆళ్ళ నుదుటి రాత. మనకేటి?”

రాటంటే పందిరికి పాతే మొదటి గుంజ. పెళ్ళికైనా, ప్రార్థన కూటానికైనా మంచి ఘడియ చూసి ముందు దాన్ని పాతాకే మిగతా పందిరి లేస్తుంది. కార్యం పూర్తయ్యేదాకా దాన్ని పీకకూడదు, కొయ్యకూడదు, కదపకూడదు. గుంజను గుంజకూడదు, అంతే. హనోకు క్రైస్తవుడు. పోతన్న కొండదేవతకు మొక్కుకునేవాడు. అందుకని ఆ రాటకు పాస్టరు గారి ప్రార్థనా జరిగింది, పోతన్న చేతి పసుపూ పడింది. రెండు మతాలు కలిసి పట్టుకున్న గుంజ ఇక కదులుతుందా?

పాతింది ఫుట్‌బాల్ పోటీ గ్యాలరీకి. రెండువేల తొమ్మిదిలో, తొలకరి రెండు వానలు పడ్డాక, ఆడవాళ్ళ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ ఆ మైదానంలో పెట్టించారు నూకరాజు గారు. హనోకు ముప్పయ్యేళ్ళుగా పందిళ్ళు వేస్తున్నాడు. పెళ్ళి పందిరి వేస్తే తాళి కట్టే వేళకు వంటశాల రేకులు సర్దుతూ ఉంటాడు. సువార్త సభకు వేస్తే ప్రసంగం వేళకు వెనకాల పరదా తాడు బిగిస్తూ ఉంటాడు. అందరికీ చూపు ఏర్పాటు చేసినవాడు ఒక్కటీ చూసి ఎరగడు.

ఈసారి మాత్రం చూడాలి. ఫైనల్లో గోలు కాసేది అతని కూతురు రోజలిన్.

రోజలిన్ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. అక్కడి ఆడపిల్లల జట్టుకు ఆమే గోల్‌కీపరు. ఆమె ఎక్కడ ఆడినా, అదే రోజున ఎవరిదో ఒకరిది పెళ్ళయ్యేది. హనోకు అక్కడ గుంజలు పాతుతూ ఉండేవాడు. ఇప్పుడేమో ఈ మ్యాచితో జట్టును ఎత్తేస్తున్నామని కంపెనీ చెప్పేసింది. గుంజలైతే ఎత్తేసి మళ్ళీ పాతొచ్చు. జట్టును అలా పాతలేరు కదా!

“ఇదే ఆకరిది నాన్నా,” అంది రోజలిన్. “ఇదైనా సూత్తావా?”

“సూడ్డవేటమ్మా, సూడ్డానికే కడతన్నాను!”

నిజంగానే అలా కట్టాడు. సాయంత్రం ఆట కనక పొద్దు వీపు మీద పడాలే గాని కళ్ళల్లో పడకూడదని గ్యాలరీని పడమటి వైపు పెట్టాడు. మెట్టుకీ మెట్టుకీ ఎంత ఎత్తుండాలో తేల్చడానికి తన భార్య పుష్పకుమారిని కింది బల్ల మీద కూర్చోబెట్టి, కొప్పులో పూలు కూడా పెట్టించి, తను వెనక బల్ల ఎక్కి, గీత మీద పెట్టిన బంతి ఆ పూల మీదుగా కనపడేదాకా బల్లను పైకి లేపించాడు.

“ఇంకా ఎంతసేపండీ ఈ కూకోడం?” అంది పుష్పకుమారి.

“నీ కొప్పు దాటితేనే జనానికి కప్పు కనపడతాదే. కదలకు.”

పైన కప్పు మాత్రం వెయ్యనన్నాడు. కప్పు వేస్తే గుంజలు కావాలి, గుంజలు వేస్తే చూపుకు అడ్డం. ఎండకు టోపీలు పెట్టుకోండి, వానకు గొడుగులు వెయ్యకండి అన్నాడు. అలా ప్రతి కంటికీ రెండు గోలు పోస్టులూ కనపడేలా, ఒక్క గుంజ కూడా అడ్డం లేకుండా కట్టి, దాని ముందు నట్టనడుమ పసుపు రాసిన, మామిడాకులు కట్టిన, తాటిచెట్టంత నిటారైన రాటను నిలబెట్టాడు. ఎంతైనా పెద్దమనిషి కోరిక.

మ్యాచి ముందురోజు పొద్దున్న నూకరాజు గారు వచ్చారు. ఎక్కి మధ్యలో కూర్చున్నారు. మెడ కుడికి వంచారు, ఎడమకు వంచారు. తరవాత గొంతు పెంచారు.

“ఎవడ్రా దీన్ని ఇక్కడ పాతింది? హనోకూ! బుద్ధుందా నీకు? బంతి సగం దూరం పరిగెత్తి రాట వెనకాల దాక్కుంటాది కదరా!”

నిన్నగాక మొన్న తమరే కదా అని హనోకు అనబోయాడు. పదిమందిలో పెద్దమనిషి మాట మార్చాడని ఏం చెబుతాంలే అని మింగేశాడు. ఆ మింగుడే తరవాత అతని భుజానికెక్కింది.

“పీకించెయ్యి!” అన్నారు నూకరాజు గారు.

పోతన్న రెండడుగులు వెనక్కి వేశాడు. మిగతా పనివాళ్ళు నాలుగేశారు. మైదానం ఊడుస్తున్న కాసులమ్మ చీపురు కింద పెట్టి, “మీ అమ్మాయి పెళ్ళిలో కార్యం కాకుండా రాట పీకించేరేటి బాబూ?” అంది.

నూకరాజు గారి చెయ్యి గాలిలో ఆగింది. “నేనెందుకు పీకిస్తాను? హనోకు పాతేడు, హనోకే పీకాలి.”

“ముప్పయ్యేళ్ళలో ఒక్క రాట కదపనేదు బాబూ,” అన్నాడు హనోకు. “మా అమ్మాయి ఆడే ఆటకి ఏసిన రాట. దీన్నే కదపమంటారా?”

ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. అందరూ దాన్ని, ఊళ్ళోకి జొరబడ్డ ఏనుగుని చూసినట్టు, దూరం నుంచే చూశారు. చివరికి పోతన్నే అన్నాడు. “రాట జరక్కూడదు గానీ, గేలరీ జరగొచ్చు కదా బావా?”

అలా, ఒక్క గుంజ కదలకూడదని గ్యాలరీ మొత్తం కదిలింది. రాట చివర పడేలా బల్లలూ గుంజలూ విప్పి దక్షిణానికి జరిపారు. దక్షిణాన స్కూలు కొళాయి ఉంది. కొళాయి కింద నేల ఏడాది పొడుగునా తడే; ఆపైన రెండు వానలు. హనోకు ప్రతి గుంజ కిందా పలకరాయి వేయించాడు. చివరి గుంజకు వచ్చేసరికి రాళ్ళయిపోయాయి. ఇటికలు పేర్చాడు. రేపు పొద్దున్న రాయి తెప్పించి మార్చేద్దాం అనుకున్నాడు. రేపు పొద్దున్నకు జెండాలు, మైకులు, సోఫాలు, పరదాలు వచ్చాయి. రాయి రాలేదు.

ఆట వేళకు గ్యాలరీ క్రిక్కిరిసింది. పుష్పకుమారి కింద నుంచి రెండో బల్ల మీద, కొళాయి వైపు చివర కూర్చుని, పక్కన ఎర్ర తువ్వాలు పరిచింది. అడిగినవాళ్ళకల్లా, “మా ఆయనదండి. వత్తన్నారు,” అంటోంది. హనోకు వచ్చాడు. తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని చూడ్డం ఎలాగో అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కానీ కనపడింది! మైదానమంతా కనపడింది. ఈ గోలూ, ఆ గోలూ, మధ్యలో గడ్డీ. ఎదరవాళ్ళ తలలన్నీ చూపు కింద అణిగి ఉన్నాయి. ఎడమవైపు గోల్లో పెద్ద చేతిజోళ్ళు తొడుక్కుని రోజలిన్. ఆమె గ్యాలరీ వైపు చూసి ఒక చెయ్యి ఎత్తింది.

“నిన్నే,” అంది పుష్పకుమారి.

“తెలుసులేవే,” అన్నాడు హనోకు. కళ్ళకు ఏదో అడ్డుపడింది. రాట కాదు.

మైకులో బెన్‌హర్ మాస్టారు మొదలెట్టారు. ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు, ఇప్పుడు ఆదివారాలు ప్రసంగాలు చేస్తారు. “ప్రియమైన ప్రేక్షకులారా, బంతి బయలుదేరింది! కొండ జట్టు కెప్టెన్ శాంతికుమారి కాలికి బంతి దొరికింది, దొరికినవారు ధన్యులు!”

రోజలిన్ జట్టుకు ఎదురు ఆడుతున్న ఈ శాంతికుమారి పోతన్న మేనకోడలు. అటువైపు తాడు దగ్గర నేల మీద కూర్చున్న కొండజనం డప్పులు మొదలెట్టారు. శాంతికుమారి కొట్టింది. రోజలిన్ పక్కకు దూకి పట్టేసింది. గ్యాలరీ అంతా ఒక్కసారి ఎగిరింది, దిగింది.

దిగినప్పుడు కిర్రుమంది.

ఆ చప్పుడు గ్యాలరీ మీద ఒక్కడికే వినపడింది. కర్ర కిర్రుమంటే ఏ కర్రో చెప్పగలడు హనోకు. ఇటికల మీద నిలబెట్టిన కర్ర అది. “ఇప్పుడే వత్తాను,” అని తువ్వాలు మళ్ళీ పరిచి లేచాడు. పెళ్ళాలు నమ్మని మాటల్లో అది మొదటిది. పుష్పకుమారి పెదవి విరిచింది.

పరదా ఎత్తి కిందకు దూరాడు. ఇటికలు బురదలోకి దిగబడ్డాయి. వాటితో గుంజా దిగుతోంది. పైన అడ్డదూలం ఆ చివర వాలిపోతోంది. అది జారిందంటే ఆ వైపు నాలుగు బల్లలూ, వాటి మీది జనమూ కుప్పకూలుతారు. గ్యాలరీ పక్కన నిలబడి ఆట చూస్తున్న పోతన్న అది గమనించి వెనకే వచ్చాడు. ఇద్దరూ దూలం కింద భుజాలు పెట్టారు.

“స్కూలు ఎనకాల కాలవ మీద కప్పిన పలకరాళ్ళున్నాయి, ఒకటి ఊడదియ్యి. పట్రా బావా. పరిగెట్టు.”

“ఒక్కడివి ఆపగలవా?”

“ఆపాలి కదా. ఎల్లు!”

పోతన్న పరిగెత్తాడు. స్కూలు వెనక్కి వెళ్ళాలంటే మైదానం అంచునే వెళ్ళాలి. సరిగ్గా అతను అంచున ఉండగా మేనకోడలికి బంతి దొరికింది. అతని కాళ్ళు అక్కడే ఆగాయి. ఈ బంతి అయ్యాక వెళ్దామనుకున్నాడు. బంతి అన్నది గుండ్రం కదా, దానికి చివరెక్కడ?

కింద హనోకు ఒక్కడే మిగిలాడు. ముందు పరదా, వెనక పరదా, పైన బల్లలు. కప్పు వెయ్యనన్న గ్యాలరీకి కింద ఉన్నవాడికి మాత్రం భేషైన కప్పు దొరికింది. కేకెయ్యొచ్చు. కేకేస్తే? “కూలిపోతోంది” అన్న ఒక్క మాట చాలు, జనమంతా ఒక్కసారే తొక్కుకుంటూ దిగుతారు. దూలం నిజంగానే జారుతుంది. పోనీ పుష్పకుమారికి మెల్లిగా చెబుదామా అంటే, ఆవిడ గుండె మెత్తన, గొంతు గట్టిది. ఆవిడ “ఓలమ్మో” అంటే కశింకోట దాకా వినపడుతుంది.

అందుకని నోరు మూసుకుని, తల పైకెత్తి, చూశాడు. బల్లకీ బల్లకీ మధ్య వేలెడు సందు. ఆ సందుల్లోంచి కాళ్ళు కనపడుతున్నాయి. మ్యాచి కాళ్ళతో ఆడేదే. చూడ్డం కూడా కాళ్ళతోనే అయిపోయింది అతనికి.

కొంతసేపటికి కాళ్ళ భాష తెలిసింది. మడమలు లేస్తే బంతి దగ్గరకొచ్చిందన్నమాట. పాదాలు కుడికి తిరిగితే అటు గోలు. నూకరాజు గారి కిర్రుచెప్పులు తాళం వేస్తే మనవాళ్ళ దగ్గర బంతి ఉన్నట్టు. పుష్పకుమారి కాలివేళ్ళు ముడుచుకున్నాయంటే రోజలిన్ ముందుకు ఎవరో వచ్చేస్తున్నారు. వేళ్ళు విచ్చుకున్నాయా, ఆపేసింది! ఆపినప్పుడల్లా పైన జనం ఎగిరేవారు. ఎగిరి దిగిన ప్రతిసారీ దూలం అతని భుజంలోకి ఇంకాస్త దిగేది. కూతురి గొప్పంతా తండ్రి ఎముకల్లోకి దిగుతోంది.

సగం ఆట అయ్యింది. జట్లు గోలు పోస్టులు మార్చుకున్నాయి. పుష్పకుమారి కాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ వెతికాయి. “ఎక్కడికెళ్ళిపోనాడో ఈ మనిషి,” అంది పక్కావిడతో. “ఇంత కట్టేడు, కూకోడానికి పుట్టనేదు.” మనిషి జానెడు కిందే ఉన్నాడు.

చివర్లో మైకు కెవ్వుమంది. “ప్రియమైన ప్రేక్షకులారా! చెయ్యి తగిలింది! కంపెనీ జట్టు పిల్ల చేతికి బంతి తగిలింది! పెనాల్టీ! ఇంతవరకూ ఎవరికీ గోలు లేదు. శాంతికుమారి బంతి పెట్టుకుంటోంది. ఎదురుగా రోజలిన్, మన హనోకు కూతురు…”

అక్కడ కరెంటు పోయింది. మైకు మూగబోయింది. గ్యాలరీ అంతా లేచి నిలబడింది.

హనోకు బుర్రలో అప్పుడు మెరిసింది అసలు సంగతి. రోజలిన్ ఆపిందా, ఈ జనం ఎగురుతారు. ఇందాకటిలా కాదు, కప్పు చేతికొచ్చినంత ఎత్తు ఎగురుతారు. భుజం ఇప్పటికే సగం చచ్చింది, ఆ దెబ్బకు ఆగదు. రోజలిన్ ఆపలేదా, ఎగిరేది అటువైపు నేల మీద కొండజనం; వాళ్ళ కింద భూమి ఉంది. ఇటువైపు ఉసూరుమని కూర్చుంటారు.

కూతురు ఆపితే గ్యాలరీ పోతుంది. గ్యాలరీ ఆగాలంటే కూతురు ఓడాలి.

ఏది కోరుకోవాలో తెలియక అతను కళ్ళు మూసుకోబోయాడు. మూసుకోలేకపోయాడు. నెత్తిమీద పుష్పకుమారి కాలివేళ్ళు, గోళ్ళు తెల్లబడేలా బల్లను పట్టుకుని ఉన్నాయి.

చప్పుడు లేదు. ఎవరో దగ్గారు. తరవాత దూరాన తోలు మీద కాలు తగిలిన టప్ అన్న మోత.

పైన ఉన్న కాళ్ళు ఎగరలేదు. ఒక్కొక్కటే మడమలు దించి, మెల్లగా, వరసగా కూలబడ్డాయి. అటువైపు డప్పులు మోగాయి.

హనోకు భుజం మీద బరువు నెమ్మదిగా వచ్చి సర్దుకుంది. అమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నాక ఆ అమ్మయ్య నోట్లో చేదుగా తగిలింది.

ఈల ఊదారు. ఆట అయిపోయింది. జనం మాత్రం దిగలేదు. బహుమతులుంటాయి, నూకరాజు గారి ఉపన్యాసం ఉంటుంది, ఆ తరవాత మిఠాయి ఉంటుంది. బూట్ల చప్పుడొకటి గ్యాలరీ దగ్గరకొచ్చి, సరిగ్గా అతని తల పైన ఆగింది.

“నాన్నేడమ్మా?” రోజలిన్ గొంతు.

“ఇప్పుడే వత్తానని ఎళ్ళేడమ్మా.”

“ఎప్పుడు?”

పుష్పకుమారి కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాయి.

“బంతి ఎట్టుకున్నప్పుడు ఇటు సూసేను,” అంది రోజలిన్. “ప్రతీ సీటుకీ గోలు కనపడీలాగ కట్టేడు కదా నాన్న. గోల్లోంచి కూడా ప్రతీ సీటూ కనపడతాది. ఎవులూ నేనిది ఒక్కటే. ఎర్ర తువ్వాలు. నేను బంతికేసి సూడ్డం మానేసి తువ్వాలుకేసి సూసేనే అమ్మా.”

కింద హనోకు నోరు తెరిచాడు. “రోజా” అన్నంత వరకూ పెదాలు కదిలాయి. పైన పుష్పకుమారి కాళ్ళు చూశాడు, పక్కన ముసలమ్మల కాళ్ళు చూశాడు, వేళ్ళాడుతున్న పసిపాదాలు చూశాడు. పెదాలు మూసేశాడు.

కరెంటు వచ్చింది. మైకు గొంతు సవరించుకుంది. నూకరాజు గారు అందుకున్నారు. “ఇంత చక్కటి గ్యాలరీ కట్టిన మన హనోకుకి శాలువా కప్పుతున్నాం! హనోకు వేదిక మీదికి రావాలి!” జనం చప్పట్లు కొట్టారు. కొంచెం ఆగి, “హనోకు ఎక్కడున్నా రావాలి!” ఇంకా కొంచెం ఆగి, కోపంగా, “హనోకూ! ఇంత బెట్టేటయ్యా?”

అప్పుడొచ్చాడు పోతన్న, పలకరాయి నెత్తిన పెట్టుకుని, మొహం వేలాడేసుకుని. “తప్పయిపోనాది బావా. పిల్ల ఆడతంటే కాలు కదల్లేదు…”

“రాయి తరవాత బావా. ముందు జనాన్ని దింపు. గోల సెయ్యకు.” హనోకు గొంతు పీలగా వచ్చింది. “మైకు కాడికెళ్ళి, రాట తీసీ ఏళయిందని సెప్పు. అందరూ దిగొచ్చి సెయ్యెయ్యాలని సెప్పు.”

పోతన్న వెళ్ళి మైకు లాక్కున్నాడు. “ఓయ్, అందరూ ఇనండి! కార్యమయింది, రాట తీత్తన్నాం! ముసిలీ ముతకా, పిల్లా జెల్లా అంతా మెల్లగా దిగొచ్చి రాటకి సెయ్యెయ్యాలి. తోసుకుంటే మంచిది కాదు. పైన ఒక్కలు మిగిలినా మంచిది కాదు!”

ఏ మాటకూ కదలని రాట, ఆ మాటతో జనాన్నంతా కదిలించింది. పెద్దా చిన్నా చేతులు పట్టుకుని, పెళ్ళిలో అక్షతలు వెయ్యడానికి వెళ్ళినంత నెమ్మదిగా దిగారు. హనోకు నెత్తిమీంచి కాళ్ళన్నీ ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి. భార్య కాళ్ళు వెళ్ళాయి. చివరికి బూట్లు వెళ్ళాయి.

అప్పుడు భుజం తీసి పక్కకు దొర్లాడు. గ్యాలరీ ఆ చివర ముక్కుతూ ఒక నిట్టూర్పు విడిచి కూలబడింది. నాలుగు బల్లలు బురదలోకి జారాయి. ఎర్ర తువ్వాలు వాటి వెంట జారింది.

జనం వెనక్కి తిరిగి చూశారు. పరదా ఎత్తుకుని, నిలువెల్లా బురదతో, ఎడమచెయ్యి వేలాడేసుకుని హనోకు బయటకొచ్చాడు.

శాలువా పట్టుకున్న నూకరాజు గారికి మైకు పక్కనే ఉందన్న సంగతి గుర్తు లేదు. “ఎంత గండం తప్పిందయ్యా! ఎవడు జరపమన్నాడు దీన్ని ఆ బురదలోకి? అసలు రాట అక్కడెందుకు పాతేవు?”

“మీరే సెప్పేరు బాబూ,” అన్నాడు హనోకు. ఇక మింగడానికి ఓపిక లేదు. “రాట ఎక్కడెయ్యాలని అడిగితే, నడిమద్దెన, అందరి కళ్ళకీ ఎదురుగా అన్నారు.”

“రాటా?” నూకరాజు గారు నోరు తెరిచారు. “ఆట ఎక్కడని కదా నువ్వడిగింది? ఆట నడిమధ్యన ఉండాలన్నాను నేను! ఆట! బంతాట!”

మైకు ఆ మాటను మైదానమంతా పంచిపెట్టింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత బెన్‌హర్ మాస్టారు మైకందుకుని అందరికీ విడమరిచి చెప్పారు: ఈయన రాట అన్నాడు, ఆయన ఆట అని విన్నాడు, ఆయన ఆట అన్నాడు, ఈయన రాట అని విన్నాడు, రాట కదలకూడదని గ్యాలరీ కదిలింది, గ్యాలరీ కూలకూడదని హనోకు కింద నిలబడ్డాడు. జనం నవ్వారు. కొండజనమూ నవ్వారు. తాము ఇంతసేపూ ఎవరి భుజం మీద కూర్చున్నారో తెలిసేసరికి నవ్వు తగ్గింది. కొందరు వంగి తమ కాళ్ళు చూసుకున్నారు.

రోజలిన్ నవ్వలేదు. చేతిజోళ్ళు చంకలో పెట్టుకుని తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. భుజం మీద చొక్కా చిరిగి, దూలం అచ్చు ఎర్రగా పడి ఉంది. ఆమె దాన్ని చూసింది, కూలిన బల్లలు చూసింది, మళ్ళీ దాన్ని చూసింది.

“నేను ఆపుంటే,” అంది నెమ్మదిగా, “ఆళ్ళంతా ఎగిరీవోరు.”

హనోకు తల ఊపాడు.

“నేను ఆపకూడదని ప్రార్థన సేసేవా నాన్నా?”

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఊరంతా వింటోంది.

“నేదమ్మా,” అన్నాడు హనోకు. “ఆపాలనీ సెయ్యనేదు, ఆపకూడదనీ సెయ్యనేదు. రెండు సేతులూ దూలానికే ఉన్నాయి.”